పదిహేడో నంబరు ముత్తవ్వ

గోడ మీది ముత్తవ్వ ఏం అడుగుతున్నది? లక్ష్మికి ఈ సందేహం కాపురానికొచ్చిన మొదటి ఏడాది, పోయిన పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాడు పుట్టింది. ఇరవై తొమ్మిదేళ్లయినా తీరలేదు.

ఆ ఫొటో దేవుని అర్ర బయట, దక్షిణపు గోడకు ఉంటుంది. ముందర రోలు, చేతిలో రోకలి, తల మీద కొంగు, ముక్కుకు పుడక, మెడలో పుస్తెలు, నుదుట అర్ధరూపాయంత బొట్టు. లక్ష్మి భర్త విద్యాసాగర్‌కు ముత్తాత అయిన పోచయ్య భార్య, కురుమమ్మ. పాత ఫొటోల్లో మనుషులు కెమెరాను పోలీసును చూసినట్టు చూస్తారు. ఈమె అట్లా చూడదు. పెదవులు సగం తెరిచి, కనుబొమ్మలు కొద్దిగా ఎత్తి, "మరి నాది?" అన్నట్టు చూస్తుంది.

పెద్దలు అడుగుతున్నారంటే ఏదో లోటు జరిగినట్టేనని లక్ష్మి నమ్మకం. మొదటి ఏడాది గారెలు పెట్టింది. ముఖంలో మార్పు లేదు. మరుసటి ఏడాది బూరెలు, ఆ పై ఏడాది పులిహోర. ఒకసారి చుట్టాలెవరో చెబితే సీసాడు కల్లు కూడా పెట్టింది. తెల్లవారేసరికి సీసా ఖాళీ అయింది గానీ, తాగింది ముత్తవ్వ కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

చుట్టాలకు ఇలాంటి సందేహాలేమీ లేవు. వాళ్లకు పోలికలు చాలు. విద్యాసాగర్ చిన్నాయన కొడుకులు ముగ్గురూ ఆ ఫొటో పక్కన నిలబడి, ముక్కు పక్కకు తిప్పి, "అచ్చం ముత్తవ్వ ముక్కే" అని ఒకరికొకరు సర్టిఫికెట్లు ఇచ్చుకునేవారు. లక్ష్మికి కూతురు అనూహ్య పుట్టినప్పుడు, పిల్ల చామనఛాయ చూసి, "ముత్తవ్వ రంగు దిగింది, ఏం చేస్తం" అని నిట్టూర్చి, ఉయ్యాలలో వంద రూపాయలు పెట్టి వెళ్లారు. ఫొటో కింది మూలన గాజు మీద గీకినట్టు తెల్లగా '17' అని ఉంటుంది. అది ముత్తవ్వ కన్న పిల్లల సంఖ్య అని ఒక మేనత్త తేల్చింది. లెక్కకు నలుగురే దొరుకుతారు. మిగిలిన పదమూడు మంది ఏమయ్యారని కొత్త కోడలిగా లక్ష్మి అడిగితే, "పెద్దల ముచ్చట్లకు లెక్కలు కట్టొద్దు" అన్నది మేనత్త.

విద్యాసాగర్‌ది చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ పోయే గల్లీలో ఫొటో స్టూడియో. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలే గిరాకీ. వాళ్లకు హాస్టల్లో ఉతికిన చొక్కా లేకపోయినా ఫరవాలేదు. కంప్యూటర్లో ఒక నల్ల కోటు ఉంది. పదేళ్లలో నాలుగు వేల మంది ఆ ఒక్క కోటే తొడుక్కుని దరఖాస్తులు పెట్టారు. అందులో కొందరు అధికారులయ్యారు. కోటు మాత్రం ఇంకా అక్కడే ఉద్యోగం చేస్తున్నది. ఉన్నదానికి ఏదో ఒకటి కలపడం ఆ ఇంటి విద్య. విద్యాసాగర్ తాత ఓదెలు చనిపోయినవాళ్ల ఫొటోలకు కుంచెతో పట్టుచీరలు కట్టేవాడు. విద్యాసాగర్ మౌస్‌తో కోట్లు తొడుగుతాడు. అడిగినా అడగకపోయినా ముఖం నాలుగు వంతులు తెల్లబరుస్తాడు. అది అతని దృష్టిలో ఉచిత సేవ.

ఆ సేవను తిప్పికొట్టిన మనిషి ఒకతే. ఎస్తేరు. ఉగాండా నుంచి వచ్చి ఇక్కడ ఫార్మసీ చదువుతూ నారాయణగూడ హాస్టల్లో ఉంటుంది. గల్లీలో వాళ్లంతా ఆమెను "నైజీరియా అక్క" అంటారు. ఆఫ్రికాలో ఇంకో దేశం ఉండే అవకాశాన్ని వాళ్లు ఇంకా పరిశీలించలేదు. వీసా పనికి ఫొటోలు దిగినప్పుడల్లా ఆమె కవరు విప్పి చూసి, కౌంటర్ మీద బోర్లా పెట్టేది.

"అన్నా, ఈమె ఎవరు?"

"నువ్వే కదమ్మా."

"నేనా? ఇది నేనంటే ఆఫీసుల పాస్‌పోర్ట్ చూసి నన్ను అరెస్ట్ చేస్తరు. నా రంగు నాకు వాపస్ ఇయ్యి అన్నా."

కౌంటర్ వెనక ఫొటోలు కత్తిరించే లక్ష్మి నవ్వు ఆపుకునేది. విద్యాసాగర్ చిన్నబుచ్చుకుని రెండోసారి ప్రింటు తీసేవాడు.

ఇట్లా ఉండగా, ఈ ఏడు పెత్రమాసకు నాలుగు రోజుల ముందు స్టూడియోకు డాక్టర్ ప్రేమ్‌సాగర్ వచ్చాడు. పాత ఫొటోల మీద పరిశోధన ఆయన పని. చేనేత లాల్చీ, భుజానికి సంచీ, మాటకు ముందొక నిట్టూర్పు. బషీర్‌బాగ్‌లో ఒక ప్రదర్శన పెడుతున్నాడట. వలస పాలన తొలినాళ్లలో ఆఫ్రికాలోని ఒక రక్షిత రాజ్యంలో నిత్యజీవితం మీద తీసిన ఫొటోలు. విద్యాసాగర్ ఇంట్లో ఉన్న రేకుపెట్టె గురించి ఎవరో చెప్పారట.

రేకుపెట్టె కథ ఇంట్లో అందరికీ తెలిసిందే. పోచయ్య బొల్లారంలో ఒక దొర దగ్గర పనికి కుదిరాడు. ఆ దొర నూట పదిహేనేళ్ల కింద కెమెరాతో ఉగాండా పోతూ పోచయ్యను వెంట తీసుకుపోయాడు. పెట్టెలు మోయడం, గాజు పలకలు కడగడం, కాగితాల మీద బొమ్మలు ఎత్తడం పోచయ్య పని. తిరిగొచ్చేటప్పుడు ఒక్కో బొమ్మకు ఒక్కో కాపీ రేకుపెట్టెలో తెచ్చుకున్నాడు. దొరకు తెలిసే తెచ్చాడా అని ఇంట్లో ఎవరూ అడగరు.

"రక్షిత రాజ్యమంటే ఏంది సార్? ఎవరి నుంచి రక్షణ?" అని టీ ఇస్తూ అడిగింది లక్ష్మి.

"చాలా లోతైన ప్రశ్న అమ్మా" అని ప్రేమ్‌సాగర్ దాన్ని పుస్తకంలో రాసుకున్నాడు. జవాబు చెప్పలేదు.

ఇంటి నుంచి తెప్పించిన పెట్టెలో బొమ్మలతో పాటు దొర టైపు చేసిన జాబితా ఉంది. ప్రేమ్‌సాగర్ దాన్ని తెలుగు చేసి చదువుతుంటే విద్యాసాగర్ ఒక్కొక్క బొమ్మా టేబుల్ మీద పేర్చాడు. ఒకటి, సంత. రెండు, చేపలు పట్టువారు. అయిదు, దొర డేరా ముందు దొర కుక్క రెక్స్, ఇద్దరు కూలీలు. తొమ్మిది, చెట్టుపట్టను కొట్టి బట్ట చేయు మనిషి. జాబితాలోని ఇరవై నాలుగు బొమ్మల్లో యాభై మంది దాకా మనుషులున్నారు. పేరున్నది ఒక్క కుక్కకే.

"పదహారు... పద్దెనిమిది. పదిహేడు లేదే!" అన్నాడు ప్రేమ్‌సాగర్. జాబితా కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "పదిహేడు, రోటిలో దంచు స్త్రీ. అయ్యో, నా ప్రదర్శనకు ప్రాణం ఇదే అయ్యేది. 'పేరులేని ముఖాలు' అని శీర్షిక. వలస కెమెరా ఆమెను అనామకం చేసింది. నేను నలభై పేజీలు రాశాను."

"బొమ్మ చూడకుండనే నలభై పేజీలు రాసిన్రా సార్?" అన్నాడు విద్యాసాగర్ భక్తిగా.

"సిద్ధాంతానికి బొమ్మ అవసరం లేదు."

ఖాళీ టీ కప్పులు తీస్తున్న లక్ష్మి జాబితా వైపు వంగింది. రోకలి. పదిహేడు. ఇరవై తొమ్మిదేళ్లుగా తడిగుడ్డతో తుడుస్తున్న ఆ మూల ఆమెకు కళ్లు మూసుకున్నా కనబడుతుంది. నోరు విప్పితే ఏమవుతుంది? ఆ ముఖం బషీర్‌బాగ్‌లో పేరులేని ముఖమవుతుంది. విప్పకపోతే పెత్రమాస నాడు ఎవరికో పెట్టే గారెలను కురుమమ్మ పేరు చెప్పి పెట్టాలి. తెలియక చేస్తే పొరపాటు. తెలిసి దేవుని ముందు అబద్ధం ఎట్లా చెప్పడం?

పెత్రమాస ముందు రోజు పొద్దున తలస్నానం చేసి ఎప్పటిలాగే ఫొటో దించింది. ఎప్పటిలా తుడిచి తగిలించలేదు. స్టూడియో నుంచి పట్టకారు తెచ్చి, ఫ్రేము వెనక చీలలు పీకింది. అట్టముక్క తీస్తే బొమ్మ వెనక పెన్సిలు రాత. వంకర అక్షరాలు, పాతకాలపు తెలుగు.

"జింజా దగ్గర బుగెంబె. ఈమె పేరు నంగోబి. దొర బొమ్మ తీసెను. నాకొకటి ఇత్తువా అని నన్నడిగినది. ఇత్తునని తల యూపినాను. తెల్లారి దొర మకాం ఎత్తినాడు. ఇయ్యలేదు. ఈ బాకీ నాది. పోచయ్య."

లక్ష్మి బొమ్మను తిప్పి ముందు వైపు చూసింది. మళ్లీ వెనక వైపు చూసింది. ఇరవై తొమ్మిదేళ్ల గారెలు, బూరెలు, పులిహోర కళ్ల ముందు వరసగా తిరిగాయి. పాపం, ఆమె అడిగింది ఒక ఫొటో.

అత్తగారు యశోదమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నది. ఎనభై దాటినా చూపు పదును.

"అత్తమ్మా, ఈమె మన కురుమమ్మ కాదు."

"కాదు" అన్నది యశోదమ్మ, ఇంకో కాయ అందుకుంటూ.

"మీకు ఎరుకేనా?"

"నా పెండ్లయిన ఏడే మా మామ ఓదెలు దీనికి కొంగు ఏసిండు. కుంచె కడిగే నీళ్లగిన్నె పట్టుకోని కూసున్నది నేనే."

"మరి ఇన్నేండ్లు నాకు చెప్పలేదేంది?"

"నువ్వు గారెలు మంచిగ చేస్తవ్. ఎందుకు ఆపాలె?"

లక్ష్మి కోప్పడాలో నవ్వాలో తెలియక అక్కడే చతికిలబడింది. యశోదమ్మ చిక్కుడుకాయల చేట పక్కకు జరిపింది.

"జర ఇను పిల్లా. కురుమమ్మ ఎన్నడు ఫొటో దిగలే. దిగితే ఆయుష్షు తగ్గుతదని భయం. మొగడు ఫొటోల పనోడే, అయినా దిగలే. మా మామకు తొమ్మిదేండ్లున్నప్పుడే పోయింది. ఆయుష్షు ఏం పెరిగింది? మా మామకు తల్లి ముఖం యాదికి లేదు. ఊరందరి తల్లులకు రంగులేస్తడు, తన తల్లి గోడ మీద లేదు. పెట్టెల ఈమె దొరికింది. రోకలి పట్టుకున్నది, చూపు చల్లగున్నది. 'ముఖం యాదికి లేదు యశోదా, బొట్టు యాదికున్నది, ఇంత ఉండేది' అని ఆ బొట్టు నాలుగుమాట్ల చెరిపి నాలుగుమాట్ల పెట్టిండు. ముఖం ఎవరిదైతేంది, ఆ బొట్టు కురుమమ్మదే."

"మరి వెనకాల రాసింది మీ మామ సూడలేదా?"

"ఆయనకు సదువు రాదు. నాకు రాదు. నీకొచ్చు. నువ్వెన్నడన్న తిప్పి సూసినవా?"

లక్ష్మి బొమ్మ పట్టుకుని లేచింది.

స్టూడియోకు పోయి భర్తకు చెప్పింది. విద్యాసాగర్ మొదట చేసిన పని తన ముక్కు తడుముకోవడం.

"అంటే మా ముక్కు?"

"మీ ముక్కు మీదేనండీ. ఎవరూ వాపస్ అడగరు."

"మా చిన్నాయన కొడుకులకు ఏమని చెప్పాలె? ప్రదర్శనకు అందర్నీ పిలిచిన. ఫ్లెక్సీ గూడ కొట్టించిన. 'ఆఫ్రికాలో తొలి తెలుగు ఫొటోగ్రాఫర్' అని."

"పలకలు కడిగిన మనిషిని ఫొటోగ్రాఫర్ చేసిన్రు. కోటు గూడ తొడిగిన్రా?"

తొడిగాడు. ఫ్లెక్సీ మీద పోచయ్యకు కంప్యూటర్లోని నల్ల కోటే ఉంది.

మరునాడు చిక్కడపల్లి గుడి దగ్గర పెత్రమాస బియ్యం ఇచ్చేవాళ్లు బారులు తీరారు. లక్ష్మి విస్తరిలో బియ్యం, పప్పు, చిక్కుడుకాయ, గుమ్మడి ముక్క సర్దుకుని పంతులు గారి ముందుకొచ్చింది. రాత్రంతా ఆమెను తొలిచిన ప్రశ్న ఒకటే. పెట్టినవన్నీ ఎవరికి చేరాయి? చివరకు ఆమెకు తోచింది, చేరవేసే దేవునికి మనుషుల కంటే చిరునామాలు బాగా తెలిసే ఉంటాయని. మనిషి చేయాల్సింది పేరు సరిగ్గా చెప్పడమే.

"పెద్దల పేర్లు చెప్పమ్మా."

"పోచయ్య, కురుమమ్మ, ఓదెలు, రాజశేఖర్." మామగారి పేరు దాకా చెప్పి ఇంకొకటి కలిపింది. "నంగోబి."

"నాగమ్మా?"

"కాదు పంతులు గారూ. నంగోబి."

"గోత్రం?"

లక్ష్మి వెనక నిలబడ్డ ఆయన "జల్దీ కానియ్యండమ్మా" అన్నాడు. పంతులు గారు తల కూడా ఎత్తలేదు.

"తెలవకుంటే కాశ్యప గోత్రం. కానియ్."

ఉగాండాలో రోట్లో దంచుకుంటున్న మనిషి ఒక్క క్షణంలో కాశ్యప గోత్రంలో చేరిపోయింది. దొరలు అన్నేళ్లు పాలించినా ఇంత సులువుగా ఎవరినీ కలుపుకోలేకపోయారు.

ఆ సాయంత్రమే ప్రేమ్‌సాగర్‌ను లక్ష్మి ఇంటికి పిలిపించింది. ఫొటో చూసి ఆయన కళ్లు చెమర్చాయి. బొట్టును చూసి, "ఇది స్థానిక జోక్యం, అద్భుతం" అన్నాడు. ఇంకో పది పేజీలు ఆయన ముఖంలో కదలాడాయి. అప్పుడు లక్ష్మి బొమ్మ తిప్పి వెనక రాత చూపించింది. చదువుతూ చదువుతూ ఆయన ముఖం వాడిపోయింది.

"పేరు ఉందా?"

"ఉన్నది సార్. నంగోబి. ఊరు గూడ ఉన్నది. కింద చీటీ మీద అదే రాయండి."

"అదే ఇబ్బంది అమ్మా. శీర్షిక 'పేరులేని ముఖాలు'. కేటలాగ్ అచ్చయిపోయింది. ఈమెకు పేరు రాకూడదని నలభై పేజీల్లో నిరూపించాను. ఇప్పుడు పేరు రాస్తే..." ఆయన నిజంగానే బాధపడ్డాడు. "వెనక ఎట్లాగూ ఉంది కదా. వెనకే ఉండనిద్దాం."

"దొర ఈమె పేరు రాయలే, ఎందుకంటే ఆయన అడగలే. మీరు తెలిసి గూడ రాయరా?"

"ఇది వేరు. దొరది అణచివేత. నాది సంపాదకీయ నిర్ణయం."

విద్యాసాగర్ భార్యకు కళ్లతో సైగలు చేశాడు. ఫ్లెక్సీ, చుట్టాలు, కొత్త కుర్తా అన్నీ ఆ సైగల్లో ఉన్నాయి. లక్ష్మి బొమ్మను కొంగులో పెట్టుకుంది.

"పేరు లేకుంటే ఈమె రాదు సార్. పదహారు తర్వాత పద్దెనిమిది పెట్టుకోండి."

ప్రదర్శన జరిగింది. పదిహేడో నంబరు దగ్గర ప్రేమ్‌సాగర్ ఖాళీ ఫ్రేము తగిలించి, దాని కింద 'లేమి' గురించి అరపేజీ రాసి పెట్టాడు. వచ్చినవాళ్లంతా అన్నింటికంటే ఎక్కువసేపు ఆ ఖాళీ ఫ్రేము ముందే నిలబడ్డారట. విద్యాసాగర్ చిన్నాయన కొడుకులు కూడా నిలబడ్డారు. పోలికలు మాత్రం చెప్పలేకపోయారు.

ఆ తర్వాతి సోమవారం లక్ష్మి స్టూడియోలో భర్త పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. బొమ్మను స్కాన్ చేయించింది.

"ఇప్పుడు బొట్టు తీసెయ్యండి. కొంగు, పుడక, పుస్తెలు, అన్నీ. కాపీల మాత్రమే. గోడ మీదిది అట్లనే ఉండాలె."

విద్యాసాగర్ మౌస్ అందుకున్నాడు. తాత కాలం నుంచి ఆ ఇంట్లో అందరూ ఏదో ఒకటి కలిపినవాళ్లే, తీసేసినవాళ్లు లేరు. తాత పూసిన పలచటి రంగు ఒక్కొక్కటీ చెరుపుతూ పోతే కింద నుంచి పొట్టి జుట్టు, బోసి నుదురు, చంకల కింద నుంచి చుట్టిన చెట్టుపట్ట బట్ట బయటికొచ్చాయి. చివర్లో అలవాటుగా అతని వేలు తెల్లబరిచే మీట మీదికి పోయింది. లక్ష్మి చేతి మీద ఒక్కటేసింది.

"అబ్బా! అలవాటే!"

"ఆమె రంగు ఆమెకు వాపస్ ఇయ్యండి."

ఎస్తేరు సెమిస్టరు సెలవులకు ఇంటికి పోయేముందు ఫొటోల కోసం వచ్చింది. లక్ష్మి ఆమెకు రెండు కవర్లిచ్చింది. ఒకటి ఎస్తేరుది. ఇంకోటి విప్పి చూసి ఎస్తేరు కథంతా అడిగి విన్నది. పెన్సిలు రాతను లక్ష్మి మెల్లగా చదివి చెప్పింది.

"బుగెంబెనా? మా పెద్దమ్మ అక్కడి మార్కెట్ల అరటికాయ అమ్ముతది" అన్నది ఎస్తేరు. "కానీ అక్కా, నంగోబి అంటే మా సైడు గల్లీకొకరు ఉంటరు. ఈమె ఏ ఇంటిదో ఎట్ల తెలుస్తది?"

"అదే నా పరేషాన్. వేరేవాళ్ల ముత్తవ్వను వేరే ఇంటికిస్తే తప్పు కదా?"

ఎస్తేరు ఆమె వైపు, విద్యాసాగర్ ముక్కు వైపు చూసింది.

"మీరు అరవై ఏండ్లు పెట్టుకున్నరు కద అక్కా. మంచిగనే చూసుకున్నరు. వాళ్లు గూడ చూసుకుంటరు."

విద్యాసాగర్ గట్టిగా నవ్వాడు. ఆ రోజు ఎస్తేరు కవరులోని ఫొటోలు మొదటిసారే సరైన రంగులో ఉన్నాయి. ఆమె చూసుకుంది గానీ పొగడలేదు.

డిసెంబర్ మూడోవారంలో, లక్ష్మి కౌంటర్ మీద ఎవరివో పరీక్ష ఫొటోలు కత్తిరిస్తుండగా ఫోన్ మోగింది. ఎస్తేరు పంపిన ఫొటో. సంతలో అరటిగెలల మధ్య పళ్లూడిన ముసలమ్మ ఒకామె కూర్చుని, లక్ష్మి పంపిన బొమ్మను రెండు చేతులా పట్టుకుని ఉంది. కెమెరాను చూడటం లేదు. బొమ్మనే చూస్తున్నది. కింద ఎస్తేరు గొంతు.

"అక్కా, ఈమె గూడ నంగోబినే. ఫొటోల ఉన్నది ఎవరో ఈమెకు పక్కా తెల్వదంట. కానీ ఆ రోలు పెట్టుకునే తీరు మా ఇంటిదే, నాకే ఇయ్యి అన్నది. నేను ఇంకేం అడగలే, ఇచ్చిన. ఇంత లేట్ ఎందుకైంది అని అడుగుమన్నది."

లక్ష్మి కత్తెర కింద పెట్టింది. ఇంటికి పోయి కాళ్లు కడుక్కుంది. దక్షిణపు గోడ నుంచి ఫ్రేము దించి, చీలలు పీకి, అట్ట తీసింది. యశోదమ్మ మంచం మీద నుంచి "మళ్ల ఏమైందే?" అన్నది. లక్ష్మి జవాబు చెప్పకుండా పెన్సిలు నాలుకకు తడి చేసుకుని, పోచయ్య వంకర అక్షరాల కింద, తనకు వచ్చిన గుండ్రటి అక్షరాల్లో తేదీ వేసి ఒక్క మాట రాసింది.

"ముట్టింది."